అక్క లెక్క తప్పలేదు

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు పడాల్సిన చోట పడవు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత పలక పట్టింది లేదు, గొర్రెల వెంట కట్టె పట్టిందే. చదివేవాళ్ళు మన్నించాలి. మా అక్క కోడలు దిద్ది మంచి కాగితం మీద రాసిస్తానంది. వద్దన్నాను. దిద్దితే మాటలు మెత్తబడతాయి. ఇవి మెత్తబడకూడదు.

మా అక్క పోయింది. నెల దాటింది. నేను పులివెందుల నుంచి వస్తూ, ప్రొద్దుటూరు బస్సు కోసం ఎర్రగుంట్లలో దిగి నిలబడి ఉన్నాను. అక్క అప్పటికి నాలుగు రోజులుగా ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఉంది. ఫోను మోగింది. సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. కోడలు ఏదో అంటోంది, నాకు వినపడలేదు. ఏంది, ఏంది అని మూడుసార్లు అడిగాను. రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేక ఏడ్చింది. అప్పుడు తెలిసింది నాకు.

నాకు అప్పుడు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. కోపం దినాలనాడు వచ్చింది. వచ్చింది ఇంకా పోలేదు. అందుకే రాస్తున్నాను.

దినాలకు మా ఊరే కాదు, జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. అక్కకు అంత పరిచయం. భోజనాలు వడ్డిస్తుండగా ఊరి పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకున్నాడు. పేరు రాయను. ఆయన చెడ్డవాడు కాడు, మంచి మాటలు చెప్పాలనే లేచాడు.

"అచ్చరమ్ముక్క రాని మనిషి. లెక్కాడొక్కా తెలీని మనిషి. అయినా మనసు బంగారం," అన్నాడు. కొంచెం ఆగి, "మన పక్క అక్క లెక్క అనే మాట తెలీనోడు ఎవడన్నా ఉండాడా? ఆ అక్క ఈ యమ్మే కదప్పా," అన్నాడు.

ఆకుల ముందు కూర్చున్న జనం నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు. కడుపు నిండేటప్పుడు వచ్చే నవ్వు. అందుకే నాకు ఎక్కువ మండింది. లేచి నిలబడ్డాను. పక్కనున్న ఆయన, నీళ్ళు కావాల్నా మామా అని అడిగాడు. అవునన్నాను. నీళ్ళు తాగి కూర్చున్నాను. నా బతుకంతా అంతే.

దూరపు వాళ్ళకు ఆ మాటేమిటో తెలియకపోవచ్చు. మా పక్క ఏది ఒకటి తగ్గినా అక్క లెక్క అంటారు. పది ఇటుకలకు తొమ్మిది దిగితే అక్క లెక్క. పెండ్లిలో ఒక పీట తక్కువైతే అక్క లెక్క. ముప్పై ఏళ్ళ నుంచి పిల్లలూ పెద్దలూ అంటున్నారు. ఏ అక్క, ఏం లెక్క అని అడిగితే సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందికి తెలిసింది తప్పు.

ఆ లెక్క అక్కది కాదు. నాది.

ముందు మా పని గురించి నాలుగు ముక్కలు చెబుతాను. పంట కోసిన చేలో రాత్రిళ్ళు గొర్రెలను ఉంచితే పెంట పడి భూమికి బలం వస్తుంది. దాన్ని మంద కట్టడం అంటాం. రైతులే పిలిచి కట్టించుకుంటారు. పది ఇండ్ల గొర్రెలు కలిసి పోయినా, రాత్రికి ఏ ఇంటివి ఆ ఇంటి గదిలో ఉండాలి. గది అంటే నాలుగు పక్కలా నాలుగు తడికలు. పదడుగుల వెదురు తడిక, దాని అడుగున అడుగు వెడల్పున ముళ్ళకంప. గదులన్నీ ఒకే వరసలో ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. రెండు గదుల నడుమ తడిక ఒకటే. తడికలు పాతేది ఆడవాళ్ళు. పొద్దుగూకేసరికి గొర్రెలు తోలుకొచ్చేది మగవాళ్ళు.

నీకెన్ని గొర్రెలున్నాయి అని అడిగితే మావాళ్ళు చెప్పరు. నోటితో ఎంచితే మంద తరిగిపోతుందని నమ్మకం. అక్క ఆ నమ్మకం ఎప్పుడూ తప్పలేదు. సాయంత్రం గొర్రెలు గదిలోకి పోతుంటే వాకిట్లో నిలబడి చూసేది. పెదవి కదిలేది కాదు. అన్నీ పోయినాక, "నల్లచెవులది రాలే," అనేది. పోయి వెతికితే ఏ గట్టు చాటునో మేస్తూ ఉండేది. ఎంచకుండా ఎట్లా తెలిసిందని ఒకసారి అడిగాను.

"ఎంచేది నాలిక పనిరా. సూసేది కంటి పని."

గొర్రెలకు చెప్పకూడని లెక్కంతా ఆమె తడికల మీద చూపించేది. తడికలను ఎంచితే తప్పు లేదు. ఎక్కడ ఎన్ని గదులు పడతాయో చెబితే చాలు, ఎన్ని తడికలు కావాలో మాట పూర్తి కాకముందే చెప్పేది. మాకు అమ్మ తొందరగా పోయింది. నన్ను పెంచింది అక్కే. ఎర్రగుంట్ల పక్క నాపరాళ్ళ ఫ్యాక్టరీలో ఐదేళ్ళు పనిచేసి, దుమ్ముకు దగ్గు పట్టి ఇంటికి వస్తే, ఒక్క మాట అడగకుండా సంగటి పెట్టి మందలో చేర్చుకుంది. బావ అప్పటికే లేడు. పది ఇండ్ల మంద ఆమె మాట మీద నడిచేది.

నేను మందలో చేరిన ఆ ఎండాకాలమే ఇది జరిగింది.

తొండూరు పక్కన ఒక పెద్ద ఆసామి చేనులో మంద కట్టమని పిలుపు వచ్చింది. దారిలో ఇంకొక ఇల్లు మాతో కలిసింది. పది ఇండ్లు పదకొండు అయ్యాయి. మా దగ్గర ముప్పై ఒక్క తడికలున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు మూడు తెచ్చారు. మొత్తం ముప్పై నాలుగు. బండికి ఎత్తే పని నాకు ఇచ్చారు. నాకు చదువు వచ్చు కదా అని.

బండి నిండిపోయింది. ఒక తడిక పక్కకు పొడుచుకొచ్చి చక్రానికి తగులుతోంది. నేను ఆలోచించాను. గదికి నాలుగు తడికలు, పక్కగదితో ఒకటి కలుస్తుంది, కాబట్టి గదికి మూడు. పదకొండు మూళ్ళు ముప్పై మూడు. ఒకటి ఎక్కువ ఉంది. దాన్ని దించెయ్యాలనుకున్నాను.

అక్క వచ్చి చూసి, "దాన్ని దించొద్దు. ముప్పై నాలుగు కావాల," అంది. నేను ఎక్కం చెప్పాను. ఆమె చెయ్యి ఊపింది. "మొదటి గదికి నాలుగురా. తక్కినవాటికి మూడు," అంది. ఇంతలో ఎవరో పిలిచారు. ఒక గొర్రె ఈనడానికి పడుకుందని. ఆమె పోయింది.

నేను తడిక దించేశాను. అక్షరం రాని ఆమె నాకు లెక్క చెప్పడమేంది అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

ఆ రోజు ఆడవాళ్ళు ఈనే గొర్రె దగ్గర ఆగిపోయారు. చేరేసరికి తడికలు పాతాల్సింది మేమే, నేను ఇంకో ఇద్దరు. ఒక్కొక్కటే పాతుకుంటూ పోయాం. పదకొండో గది దగ్గరకు వచ్చేసరికి మూడు వైపులా ఉంది, నాలుగో వైపు లేదు. వెనక్కి పోయి తేవాలంటే నాలుగు కోసుల దూరం. ఆ ఇద్దరూ నా మొహం చూశారు. నేను కంప అడ్డం పెట్టి, పైన నా గొంగడి కట్టాను. అక్క చీకటి పడినాక అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను ఎత్తుకొని వచ్చింది. "అన్నీ పెట్టినారా?" అని అడిగింది.

"పెట్టినాం," అన్నాను.

తెల్లారేసరికి పదకొండో గది గొర్రెలు గొంగడి తొక్కుకొని ఆసామి చీనీ తోటలో ఉన్నాయి. రెండేళ్ళ బత్తాయి చెట్లు. ఆకు మేసి, బెరడు గీకేశాయి.

ఆసామి కళ్ళంలో మమ్మల్ని వరసగా నిలబెట్టారు. ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఒక తడిక తక్కువైందని ఆయనకు అప్పటికే తెలిసింది. ఆయన మనిషి ఒకడు మోకు చేతికి చుట్టుకుంటున్నాడు. "మంద కట్టినోడు ఎవడు? ఎవడిదీ లెక్క? వాణ్ణి గుంజకు కట్టండి," అన్నాడు ఆసామి. అప్పటి రోజులు అవి. కట్టేస్తే సాయంత్రం దాకా విప్పరు. ఎండలో. కొట్టినా అడిగేవాడు లేడు.

నాకు అడుగు ముందుకు వేయాలని ఉంది. కాలు లేవలేదు.

అక్క ముందుకు పోయింది. కొంగు నడుముకు దోపుకొని, మామూలుగా మాట్లాడినట్టే అంది.

"లెక్క నాది సామీ. ముప్పై మూడు సాలనుకొంటి."

ముప్పై నాలుగని నోటితో చెప్పిన మనిషి ఆమె. నా ముప్పై మూడును తన నెత్తిన పెట్టుకుంది. ఆడమనిషిని గుంజకు కట్టరని ఆమెకు తెలుసు.

కళ్ళంలో నవ్వులు లేచాయి. "ఆడదాని లెక్క కదప్పా. ఒకటి తక్కువే ఉంటాది," అన్నాడు మోకు పట్టుకున్నవాడు. ఆసామి కూడా నవ్వాడు. కోపం దిగిపోయింది. తప్పు కింద అక్క గొర్రెలు ఐదు తోలుకుపొమ్మన్నాడు. మంచి ఈతలో ఉన్నవి ఏరి పట్టుకున్నారు. ఆమె వాటి వైపు చూడలేదు.

పదకొండు ఇండ్ల మగవాళ్ళం అక్కడే ఉన్నాం. తడిక దించింది నేనని అందరికీ తెలుసు. నాతో కలిసి పాతిన ఇద్దరికీ కళ్ళారా తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. ఆసామి ఇప్పుడు లేడు. ఆయన మీద కోపం ఉంది, కానీ ఆయనకు నిజం తెలియదు. మాకు తెలుసు. నా కోపంలో పెద్ద పాలు మా మీద. మాలో నా మీద.

వారం తిరగకముందే ఆ మాట పుట్టింది. మేము తొండూరు నుంచి ఇంటికి చేరకముందే మా ఊరికి చేరింది. అక్క లెక్క అంట, ఒకటి తక్కువంట.

తిరిగి వచ్చేటప్పుడు జమ్మలమడుగు దగ్గర పెన్నలో ఆగాం. ఏరు ఎండిపోయి ఉంది, నడుమ సన్నగా ఒక పాయ. నేను నాలుగు రోజులుగా అక్కతో మాట్లాడలేదు. ఆమె తిడితే బాగుండు అనుకుంటున్నాను. తిట్టలేదు. రెల్లు పుల్లలు ఒక మోపు విరుచుకొని వచ్చి నా ముందు వేసింది.

ఇసుక మీద నాలుగు పుల్లలతో ఒక గది పెట్టింది. ఎన్ని అంది. నాలుగు అన్నాను. దాని పక్కన ఇంకొక గది. ఏడు. ఇంకొకటి. పది. ఇంకొకటి. పదమూడు. "నూరు గదులకు ఎన్నిరా?" అని అడిగింది. నేను వేళ్ళు మడవడం మొదలుపెట్టాను.

"ఎంచొద్దు. ఏం పెరుగుతాందో సూడు."

చూశాను. గది పెరిగినప్పుడల్లా మూడు పుల్లలు పెరుగుతున్నాయి. మూడే. నూరు గదులకు మున్నూరు అన్నాను. తల అడ్డంగా ఊపింది. "మున్నూట ఒకటి," అంది. నేను నమ్మలేదు. అప్పటికీ నమ్మలేదు, చూడండి నా పొగరు. "అయితే పెట్టి సూడు," అని గొర్రెలకు నీళ్ళు పెట్టడానికి పోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఇసుక మీద వంగి నూరు గదులు పెట్టాను. నడుం పట్టేసింది. పుల్లలు అయిపోతే మళ్ళీ విరుచుకొచ్చాను. వరస పాయ దగ్గర మొదలై తుమ్మల దాకా పోయింది. ఎంచాను. మున్నూట ఒకటి. మళ్ళీ ఎంచాను. మున్నూట ఒకటే.

అక్క వచ్చి వరస పొడుగునా నడిచింది. "ఆ ఒకటి ఇందులో యాడుండాదో సూపీ," అంది. నేను ఆఖరి పుల్ల చూపించాను. కాదంది. నన్ను వెనక్కి, మొదటి గది దగ్గరకు తీసుకొచ్చింది. మొట్టమొదటి పుల్ల మీద వేలు పెట్టింది.

"దీనికి పక్కన ఎవురూ ల్యారు. దీని గోడ ఇదే పెట్టుకోవాల. తర్వాత వచ్చేటివన్నీ ముందరిదాని గోడకు ఆనుకొని నిలబడతాయి. ఎన్ని గదులన్నా పోనీ, ఆ ఒకటి తరగదు."

మా ఇంట్లో మొదట పుట్టింది ఆమె. నేను ఆ రోజు ఆ మాట తడికల గురించే అనుకున్నాను.

నిజం చెప్పేస్తానని అప్పుడే అన్నాను. ఊరికి పోయి అందరి ముందర చెబుతానన్నాను. "చెప్తే నా ఐదు గొర్రెలు తిరిగొస్తాయా? నోరు మూసుకొని పుల్లలు ఏట్లో పారెయ్," అంది. ఆ మాట పట్టుకొని ముప్పై ఏళ్ళు దాక్కున్నాను. ఆమె వద్దంది కదా అని. పిరికివాడికి అంతకన్నా మంచి ఆజ్ఞ ఏముంటుంది.

ఆమెకు బాధ లేదని కూడా నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని జమ్మలమడుగు సంతలో తెలిసింది. తాళ్ళు కొంటున్నాం. అమ్మేవాడి కొడుకు డజను తాళ్ళు ఎంచి ఇచ్చాడు, పదకొండే వచ్చాయి. తండ్రి వాణ్ణి చూసి నవ్వి, "అక్క లెక్క పెట్టినావేందిరా," అన్నాడు. ఎదురుగా నిలబడింది ఆ అక్కే అని వాడికెట్లా తెలుస్తుంది? అక్క పన్నెండో తాడు అందుకొని, కట్ట కట్టి, భుజాన వేసుకొని నడిచింది. ఆ పూట సంగటి ముద్ద ముట్టలేదు. కడుపులో బాగలేదంది.

మా అక్క కొడుకుకు తొండూరు పక్క పిల్లనే చేశాం. ఆ పిల్ల తొమ్మిదో తరగతితో ఆగిపోయి, ఇద్దరు బిడ్డల తల్లి అయినాక, అంగన్వాడీ ఉద్యోగం కోసం ఓపెన్ స్కూల్ పదో తరగతి కట్టింది. ఆదివారాలు పులివెందులకు క్లాసులకు పోయేది. సాయంత్రం అత్త పక్కన కూర్చొని గట్టిగా చదివేది. అక్క చెనిక్కాయలు వలుస్తూ వినేది.

ఒక ఆదివారం ఆ పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. నేను అరుగు మీద ఉన్నాను. లెక్కల సారు క్లాసులో అగ్గిపుల్లలతో చదరాలు గీసి, ఎన్ని చదరాలకు ఎన్ని పుల్లలో సూత్రం రాయమన్నాడంట. ఈ పిల్ల మూడు ఎన్ అని రాసిందంట. సారు చూసి, ప్లస్ ఒకటి మరిచిపోయినావే, ఇది అక్క లెక్క అన్నాడంట. క్లాసంతా నవ్వారంట. ఆ మాట ఎవరిదో ఆ పిల్లకు తెలియదు. కాపురానికి వచ్చింది ఎన్నో ఏళ్ళ తర్వాత. ఎవరూ చెప్పలేదు.

అక్క చేతిలో చెనిక్కాయ చేతిలోనే ఉండిపోయింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఆ రోజే చచ్చేవాణ్ణి. కొంచెం సేపటికి కాయ పటుక్కుమని విరిచింది.

"ఎన్ అంటే ఏంది?" అని అడిగింది.

"ఎన్నయినా అని అత్తా. గదులు రెండు అనుకో, నూరు అనుకో, నీ ఇష్టం. ఎన్ని అనుకున్నా సరిపోయేటట్టు రాసేదానికి ఆ అక్షరం."

అక్క ఆ మాట నోట్లో తిప్పుకుంది. ఎన్నయినా. "ఇంత మంచి మాట ఉండాదని మాకు ఎవురూ చెప్పల్యా," అంది. ఆమె మొహం చిన్నపిల్ల మొహం లాగా అయింది. అక్షరం రానందుకు ఆమె బాధపడటం నేను ఆ ఒక్కసారే చూశాను.

ఆ వారమంతా ఆమె చీపురు పుల్లలతో వాకిట్లోనే ఉంది. ఒక వరస గదులు అయిపోయాయి కదా, రెండు వరసలు వీపు వీపు ఆనించి పెడితే ఎట్లా అని మొదలుపెట్టింది. కోడలు కాగితం మీద వేసుకుంటూ పక్కనే కూర్చుంది. రెండు వరసలకు, వరసకు ఒక గది, రెండు, మూడు అని పెంచుకుంటూ పోతే పుల్లలు ఏడు, పన్నెండు, పదిహేడు. ఐదు ఐదు పెరుగుతున్నాయి. ఒక వరసలో ఉన్న గదులకు ఐదింతలు, పైన రెండు. మూడు వరసలకు ఏడింతలు, పైన మూడు. అక్కడ ఆగి చాలాసేపు చూసింది. "పైన మిగిలేది వరసకు ఒకటి," అంది. "ప్రతి వరసలో మొదటిదానికి పక్కన ఎవురూ ల్యారు కదా." కోడలు నాలుగు వరసలకు ముందే రాసుకొని, తర్వాత పుల్లలు పెట్టి చూసింది. తొమ్మిదింతలు, పైన నాలుగు. సరిపోయింది. ఎన్ని వరసలకైనా, ఎన్ని గదులకైనా సరిపోయింది. కోడలు అత్తను పట్టుకొని ఊపేసింది.

మరుసటి ఆదివారం ఆ కాగితం సారుకు చూపిస్తే, ఏ గైడులో చూసినావమ్మా అన్నాడంట. మా అత్త చెప్పింది అంటే, మీ అత్త ఏం చదివింది అన్నాడంట. కాగితం చదవకుండానే తిరిగి ఇచ్చాడంట. కోడలు ఆ రోజు ఏడుస్తూ వచ్చింది. నాకు ఆయన మీద ఇప్పటికీ మంటే. పాఠం చెప్పేవాడు లెక్క చూడాలి కదా. లెక్క ఎవరు చెప్పారో చూస్తే ఎట్లా? అక్క మాత్రం, "ఆయన తడికలు మోసినోడు కాదు, ఇడ్సిపెట్టు," అంది.

ఆ కోడలే దినాలనాడు కూర గిన్నె పట్టుకొని పంక్తి నడుమ ఉంది, మైకులో ఆ మాట వచ్చినప్పుడు. ఆ అక్క తన అత్తే అని ఆమెకు తెలిసింది అప్పుడే. గరిట ఆగిపోయింది. తర్వాత వడ్డన పూర్తి చేసింది.

సాయంత్రం జనం వెళ్ళిపోయినాక నా దగ్గరకు వచ్చి కింద కూర్చుంది. తొండూరు చేను, ముప్పై మూడు తడికల కథ పంక్తిలో ఎవరో ఆమెకు చెప్పారంట. ఆ రోజు ఎన్ని గదులు కట్టారని అడిగింది. పదకొండు అన్నాను.

"పదకొండుకు ముప్పై నాలుగు కదా మామా. ఎన్నయినా తప్పకుండా చెప్పే మనిషి, పదకొండుకు తప్పు చెప్తాదా? ముప్పై మూడు అత్త లెక్క కాదు. అది ఎవరిది?"

ముప్పై ఏళ్ళు నన్ను ఎవరూ అడగలేదు. ఒక్కరు లెక్క చేసి చూసి ఉంటే తెలిసిపోయేది. ఈ పిల్ల లెక్క చేసి అడిగింది. నాది అన్నాను. మొత్తం చెప్పాను. తడిక దించింది, గొంగడి కట్టింది, పెట్టినాం అని చెప్పింది, కళ్ళంలో నిలబడిపోయింది. ఆమె నన్ను తిట్టలేదు. ఆ అత్తకు తగిన కోడలు. తను క్లాసు నుంచి నవ్వుకుంటూ వచ్చిన ఆదివారం గుర్తుకొచ్చినట్టుంది, మొహం పక్కకు తిప్పుకుంది. లేచేటప్పుడు మాత్రం అంది.

"నాకు ఒక్కదానికి చెప్తే సాలదు మామా. వాళ్ళు మైకులో అన్నారు. నువ్వు కాగితంలో రాయి."

రాశాను. ఇంతే నేను రాయగలిగింది.

ఇప్పుడు చదివేవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. మా అక్కకు విగ్రహం వద్దు, పొగడ్త వద్దు. ఆమె పేరు మీద ఆ మాట అనడం మానండి. మీ పిల్లలు అంటే, లెక్క తప్పింది అక్క కాదు, ఆమె తమ్ముడు అని చెప్పండి. ఎవరినో ఒకరిని అనకుండా నోరు ఊరుకోదంటే తమ్ముడి లెక్క అనండి, నాకు సమ్మతమే. మైకు పట్టుకున్న పెద్దమనిషికి కూడా ఇది చేరుతుంది. ఆయన ఏం చేస్తాడో చూస్తాను. ఆ పదకొండు ఇండ్లలో ఇంకా బతికి ఉన్నవాళ్ళు నలుగురో ఐదుగురో ఉన్నారు. తడిక దించింది ఎవరో మీకు తెలుసు. నేను ఒక్కణ్ణి చెబితే ముసలివాడు అక్క మీద ప్రేమతో అంటున్నాడంటారు. మీరూ చెప్పాలి.

పోయిన వేసవిలో మా సొంత చేనులో అక్క ఆఖరి మంద కట్టించింది. నడవలేకపోయింది, గట్టు మీద కూర్చొని చెయ్యి చూపించింది. మూడు వరసలు. మూడు రాత్రులు ఒకే చోట ఉంచాం. తర్వాత దున్ని, జొన్న వేశాం. ఇప్పుడు నడుము ఎత్తు వచ్చింది. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు గట్టు ఎక్కి చూస్తే, గొర్రెలు పడుకున్న చోటల్లా జొన్న నల్లగా, గుబురుగా ఉంది. కంప వేసిన చోట పెంట పడలేదు కాబట్టి అడుగు వెడల్పున పచ్చ లేతగా ఉంది. గదులు గదులుగా, గోడలు గోడలుగా, చేను మొత్తం ఆమె పెట్టినట్టే నిలబడి ఉంది. గాలి వచ్చినప్పుడు అన్ని గదులూ ఒకేసారి వంగి లేస్తున్నాయి.

వచ్చి చూస్తామన్నా రండి, రాలేకపోతే ఒక కార్డు ముక్క రాయండి. తొందరగా రాయండి. జొన్న కోసేస్తే ఆ గదులు కనపడవు.